లైటర్ జయప్రకాష్ సుద్దులు

టాటానగర్ పక్కనున్న పర్సుడీహ్ తెలుగువాళ్లలో లైటర్ జయప్రకాష్ అంటే తెలియనివాళ్లు లేరు. అతను సిగరెట్ ముట్టడు. పక్కవాడు బీడీ వెలిగిస్తే ముక్కు మూసుకుంటాడు. అయినా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక లైటరు, ప్యాంటు జేబులో అరచేతంత తెల్లటి ప్లాస్టిక్ పలక ఉండేవి. నలుగురు మనుషులు ఒకచోట చేరితే చాలు, ఆ రెండూ బయటికొచ్చేవి. బారసాల, గృహప్రవేశం, టీ కొట్టు అన్న తేడా లేదు. మేనమామ పదోరోజు భోజనాల దగ్గర కూడా పలక కాల్చి చూపించాడని, ఆ మామ పటం వెనక స్విచ్ బోర్డు ఆర్డరు అక్కడే పట్టాడని చెప్పుకుంటారు.

తండ్రి పలాస వైపు నుంచి రైల్వే గ్యాంగ్‌మన్‌గా టాటానగర్ వచ్చాడు. కొడుకు రైల్వే పరీక్ష రాశాడు. రైల్వేకి అతని అవసరం కలగలేదు. ఆదిత్యపూర్‌లో అగ్నివిజయ ప్లాస్టిక్స్ అనే చిన్న ఫ్యాక్టరీలో సేల్స్‌మన్‌గా చేరాడు. గోడలో వైర్లు దాచే స్విచ్ పెట్టెలు, వాటి మీద బిగించే పలకలు ఆ ఫ్యాక్టరీ సరుకు. యజమాని గిర్ధారీ సేఠ్. పలకలు సులభంగా అంటుకోవు, అంటుకున్నా వాటంతట అవే ఆరిపోతాయి అన్నది ఆయన ప్రకటన. ఆ ప్రకటనకి నోరూ, చేతులూ, లైటరూ జయప్రకాషే.

నిజానికి అందులో మాయ ఏమీ లేదు. మామూలు ప్లాస్టిక్ పెట్రోలుకి దూరపు చుట్టం. వేడి తగిలితే కరుగుతుంది, ఆవిరి వదులుతుంది, ఆ ఆవిరి మండుతుంది, ఆ మంట ఇంకాస్త ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. ఆ గొలుసు తెంపడానికి కరిగిన ప్లాస్టిక్‌లో ఒక తెల్లటి పొడి కలుపుతారు. ఆ పొడి తన లోపల నీటిని కట్టేసుకుని ఉంటుంది. బాగా వేడెక్కినప్పుడు ఆ నీటిని ఆవిరిగా వదిలేసి, వస్తువుని చల్లబరిచి, మండే ఆవిరిని పలచన చేసి, పైన తొక్కలాంటి పొర మిగిలిస్తుంది. కాకపోతే చిటికెడు కలిపితే పని జరగదు. ప్లాస్టిక్ ఎంతో పొడీ అంత, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కావాలి.

జయప్రకాష్‌కి ఆ పొడి పేరు పలకడం రాదు. 'మెగ్నీషియం' దాకా వచ్చి, మిగతాది దగ్గుతో పూర్తి చేసేవాడు. కాని చెప్పడంలో అతన్ని మించినవాడు లేడు.

"సూడండి బావూ, దీని కడుపులో మందుంది. అగ్గి తగిల్తే సాలు, నీళ్లు కక్కుతాది. అగ్గికే దగ్గొచ్చి సచ్చిపోతాది!" అంటూ లైటర్ మంట పలక అంచుకి పెట్టేవాడు. చిన్న మంట లేచేది. లైటర్ తియ్యగానే ఆ మంట ఒకసారి తల ఊపి ఆరిపోయేది. జనం "అరె వాహ్" అనేవారు. జయప్రకాష్ కళ్లు మూసుకుని ఆ మాట వినేవాడు.

అతని తల్లి జోగమ్మకి ఈ వేషం నచ్చేది కాదు.

"అగ్గితో ఆటలేట్రా? నీ బాబు బతుకంతా పట్టాల మీద సుత్తి కొట్టినాడు. ఒక్కనాడైనా పెళ్లిలోకి సుత్తి తెచ్చినాడేటి?" అనేది.

భార్య సుధ మాత్రం కాలిన పలక ముక్కల వాసన పోవడానికి అతని ప్యాంట్లు విడిగా నానబెట్టేది.

పర్సుడీహ్‌లో మనవాళ్లకి ఒక చిన్న కల్యాణ మండపం ఉంది. దాని కమిటీకి అధ్యక్షుడు తవిటయ్య. కార్ఖానాలో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు గాని, ఆ సంగతి ఆయన గొంతుకి ఇంకా తెలియదు. మండపానికి కొత్త వైరింగ్ వేయించాలని ఆయన నిర్ణయించగానే స్విచ్ పెట్టెలు, పలకలు మొత్తం జయప్రకాష్ ద్వారా అగ్నివిజయ నుంచే వచ్చాయి. గోడల నిండా తెల్లటి పెట్టెలు బిగించారు. ఒక ఆదివారం ఉదయం ప్రారంభోత్సవం పెట్టారు. తవిటయ్యకి శాలువా కప్పారు. ఆ శాలువా కొన్నది కూడా తవిటయ్యే.

ఉపన్యాసం చివర తవిటయ్య చెయ్యెత్తాడు.

"ఇప్పుడు మన పెకాశం ఫైర్ టెస్ట్ సేసి సూపిత్తాడు. ఒరే పెకాశా, రా!"

జయప్రకాష్ అప్పటికే వేదిక మెట్టు మీద ఉన్నాడు. జేబులోంచి పలక తీశాడు. తవిటయ్య అడ్డుపడ్డాడు.

"నీ జేబులో ముక్క ఒద్దురా. జేబులోంచి తీత్తే గారడీవోడు కూడా పావురాన్ని తీత్తాడు. అదిగో, మిగిలిపోయిన అట్టపెట్టె ఉంది కదా, అందులోంచి తియ్యి. మన మండపం సరుకు ఎలాటిదో జనం సూడాల!"

జయప్రకాష్ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. అతని నమ్మకంలో కల్తీ లేదు, ఉన్న కల్తీ అంతా సరుకులోనే ఉంది. అట్టపెట్టె చింపి కొత్త పలక తీశాడు, అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు, "అగ్గికే దగ్గొచ్చి" అంటూ లైటర్ వెలిగించాడు.

మంట లేచింది. లైటర్ తీశాడు. మంట పెద్దదయింది.

"సచ్చిపోతాది, ఇప్పుడే సచ్చిపోతాది" అన్నాడు. మంటకి చచ్చే ఉద్దేశం కనబడలేదు. పసుపుపచ్చగా, నిండుగా, నల్లటి పొగ కక్కుతూ పలక మీదికి పాకింది. కరిగిన ప్లాస్టిక్ మండుతూనే బొట్లు బొట్లుగా కారింది. మొదటి బొట్టు వేదిక మీది తివాచీని కాల్చి కన్నం చేసింది. రెండోది తవిటయ్య శాలువా కొంగు మీద పడింది. శాలువా పట్టుది అని ఆయన అందరికీ చెప్పాడు గాని, అది నైలాను కావడం వల్ల చురుగ్గా అంటుకుంది.

"ఓలమ్మో!" అని ఆడవాళ్లు లేచారు. వడ్డనకి సిద్ధంగా నిలబడ్డ జగదాంబ అనే ఆవిడ, చేతిలో ఉన్న మజ్జిగ బకెట్టు ఎత్తి అధ్యక్షులవారి మీద గుమ్మరించింది. మంట ఆరింది. తవిటయ్య మీసాల మీద కరివేపాకు మిగిలింది. జయప్రకాష్ చేతిలో మిగిలిన పలకని మజ్జిగ మడుగులో పడేసి కాలితో తొక్కాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పరువు సంగతి వేరు.

భోజనాలయ్యాక కమిటీ కూర్చుంది. సరుకు మోసం అని ఎవరో ఒకరు అంటారని జయప్రకాష్ తల వంచుకుని ఎదురుచూశాడు. ఆ మాట ఎవరూ అనలేదు. సరుకు ఎంపిక చేసింది కమిటీ కాబట్టి సరుకు తప్పు అయ్యే అవకాశం లేదు.

"అగ్గి ఎడితే ఏదైనా కాల్తాది కదరా!" అన్నాడు తవిటయ్య, మజ్జిగ వాసనతో. "ఈ ఊళ్లో ఇనుమే కరిగి పారతంది. నీ పలకెంత? ఎవడు ఎట్టమన్నాడు నిన్ను?"

"నువ్వే కదా మావా, సూపించమన్నావు."

"సూపించమన్నాను. కాల్చమన్నానేటి?"

చర్చ చాలాసేపు సాగింది. చివరికి మండపం గుమ్మం దగ్గర ఒక బోర్డు పెట్టాలని తీర్మానించారు. 'లోపల లైటర్లు, అగ్గిపెట్టెలు నిషిద్ధం' అని తెలుగులోనూ హిందీలోనూ రాయించారు. వివాహాల్లో హోమం సంగతేమిటని పురోహితుడు అడిగితే, దాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.

మర్నాడు జయప్రకాష్ ఫ్యాక్టరీకి వెళ్లాడు. అక్కడ తనుశ్రీ అనే కెమిస్ట్ ఉంది. జుగ్సలాయి నుంచి స్కూటీ మీద వస్తుంది, ల్యాబ్‌లో కూర్చుని పలకలు కాల్చి, ఎన్ని సెకన్లకి ఆరిపోయాయో రిపోర్ట్ రాస్తుంది. ఆమెతో అతను హిందీలోనే మాట్లాడతాడు.

"మేడమ్, సరుకు కాలిపోయింది" అన్నాడు.

"ఏ సరుకు?"

"పెట్టెలోది."

"ఓ, పెట్టెలోదా" అంది ఆమె, వేరే ఊరి వార్త విన్నట్టు. తరవాత అతన్ని పొడి కలిపే గదిలోకి తీసుకెళ్లి రెండు రకాల బస్తాలు చూపించింది. రెండింటిలోనూ తెల్లటి పొడే. వేళ్ల మధ్య నలిపితే రెండూ మెత్తగానే ఉన్నాయి. "ఇది అసలు మందు. శాంపిల్‌కి వాడతారు. అది సుద్ద. మార్కెట్ సరుకులో అదే. లాక్‌డౌన్ అయిన దగ్గర్నుంచీ ఇంతే."

"సుద్దా?"

"బరువు వస్తుంది, తెలుపు వస్తుంది, గట్టిదనం వస్తుంది. నీళ్లు మాత్రం రావు."

జయప్రకాష్ సుద్ద బస్తాలోంచి ఇంకోసారి చిటికెడు తీసి నలిపాడు. ఇన్నేళ్లూ తాను ఊరందరికీ చెప్పిన సుద్దులు ఈ బస్తాలోంచి వచ్చినవే అని అతనికి అర్థమైంది.

"మీకు తెలిసి కూడా ఎలా రాశారు మేడమ్, రిపోర్ట్?"

"నా బల్ల మీదికి వచ్చిన ముక్కకి నేను రిపోర్ట్ రాస్తాను. ఆ ముక్క ఆరిపోతుంది. అదే రాశాను. ఒక్క అబద్ధం కూడా రాయలేదు." ఆమె కళ్లజోడు సర్దుకుంది. "మీరు ఇన్నేళ్లుగా పెట్టెలు మోస్తున్నారు కదా. ఒక్కసారైనా పెట్టెలోంచి తీసి కాల్చారా?"

మంట ఆరిపోతున్నప్పుడు జనం "వాహ్" అంటుంటే ఇంకో పలక తీసి చూడాలని ఎవరికి అనిపిస్తుంది?

గిర్ధారీ సేఠ్ అతన్ని కోప్పడలేదు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, తండ్రిలా నవ్వాడు.

"ప్రకాష్ బాబూ, ఆలోచించు. ఇళ్లల్లో స్విచ్ బోర్డుకి లైటర్ ఎవడు పెడతాడు? దేశం మొత్తం మీద నువ్వొక్కడివే పెడుతున్నావు. నువ్వు మానేస్తే నా సరుకు నూటికి నూరుపాళ్లూ సేఫ్."

"వైరు వేడెక్కితే, సేఠ్‌జీ?"

"అది వైరు కంపెనీ తప్పు. మనకేం సంబంధం?" సేఠ్ బల్ల మీదికి వంగాడు. "ఇవాళ్టి నుంచి నువ్వు క్వాలిటీ మేనేజర్‌వి. కార్డు మీద వేయిస్తాను. లైటర్ పని ఇంకెవరైనా కుర్రాడికి ఇచ్చెయ్యి. మేనేజర్లు చేతులు కాల్చుకోకూడదు."

ఇక్కడ మన కథానాయకుడు లేచి కుర్చీ తన్ని బయటికి నడిచాడని రాస్తే బాగుండేది. కాని జరిగింది వేరు. జయప్రకాష్ టీ తాగాడు. కార్డు మీద పేరు హిందీలో ఉంటుందా ఇంగ్లీషులోనా అని అడిగాడు. ఇంగ్లీషులోనే అన్నాడు సేఠ్. దారిలో ఆగి లడ్డూలు కొన్నాడు.

ఇంట్లో జోగమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఆమె తల వెనక గోడకి అగ్నివిజయ పెట్టె, దానిలో ఫ్యాన్ స్విచ్చి, ఫోను ఛార్జరు. ఇల్లంతా కంపెనీ సరుకే. ఉద్యోగి కాబట్టి సేఠ్ ఉచితంగా ఇచ్చాడు.

"అమ్మా, నాను మేనేజర్ అయినాను" అన్నాడు లడ్డూ పెట్టె ముందుకు చాపుతూ.

"నిన్న మండపం తగలెట్టినందుకేటి?"

సుధ లడ్డూ తీసుకోలేదు. స్క్రూడ్రైవర్ తెచ్చింది, మెయిన్ స్విచ్చి కట్టేసింది, అత్తగారి తల వెనక పలక నాలుగు మరలూ ఊడదీసింది. వంటింట్లోకి వెళ్లి గ్యాస్ వెలిగించి, పలకని పట్టకారుతో పట్టుకుని మంట మీద పెట్టింది. తరవాత గ్యాస్ ఆర్పేసింది.

పలక ఆరలేదు. జోగమ్మ మంచం దిగి వంటింటి గుమ్మం దాకా వచ్చింది. బొట్లు స్టవ్వు మీద పడి, అక్కడ కూడా కాసేపు మండాయి. సుధ దాన్ని నీళ్ల బకెట్లో పడేసింది. గది నిండా పొగ.

"మేనేజరుగారూ, ఇదేటి క్వాలిటీ?" అంది జోగమ్మ దగ్గుతూ. "ఇన్నాళ్లూ నా బుర్ర ఎనకాల దీన్నెట్టి, ఊరోళ్లకి సుద్దులు సెప్పినావా?"

సుధ ఒకే మాట అంది. "నేను ఈ గోడ దగ్గర అత్తయ్యని పడుకోబెట్టను. ఉద్యోగం మీ ఇష్టం."

అప్పుడతనికి భయం వేసింది. నిన్న మండపంలో వేసింది సిగ్గు, ఫ్యాక్టరీలో పుట్టింది ఆశ. భయం ఇప్పుడే. ఎన్ని ఇళ్లలో, ఎంతమంది తలల వెనక తను ఈ పలకలు బిగింపించాడో అతనికి గుర్తు రావడం మొదలైంది. పేర్లు గుర్తొచ్చాయి, ఆ ఇళ్లలో తిన్న ఉప్మాలు గుర్తొచ్చాయి, "వాహ్" అన్న మొహాలు గుర్తొచ్చాయి. లడ్డూలు చీమలకి మిగిలాయి.

మొదట మండపానికి వెళ్లాడు. పెట్టెలన్నీ ఊడదీస్తానని, తాళం ఇవ్వమని తవిటయ్యని అడిగాడు. తవిటయ్య ఇవ్వలేదు.

"ఓపెనింగ్ అయిపోనాది. ఫోటోలు వాట్సాప్‌లో ఎళ్లిపోనాయి. ఇప్పుడు ఊడదీత్తే నా పరువేటవుతాది?"

"మావా, పెళ్లిలో జనం ఉన్నప్పుడు అంటుకుంటే?"

"బోర్డు ఎట్టినాం కదా, లైటర్లు ఒద్దని!"

అదే వారంలో గిర్ధారీ సేఠ్ మండపానికి మంట ఆర్పే ఎర్రటి సిలిండర్ ఒకటి దానం చేశాడు. దాని మీద ఆయన పేరు ఎంత పెద్దగా రాయించాడంటే, వాడే విధానం రాయడానికి చోటు మిగల్లేదు. తవిటయ్య ఆయనకి శాలువా కప్పాడు.

జయప్రకాష్ ఉద్యోగం మానేశాడు. మానేసినవాడు ఊరుకుంటే బాగుండేది అని జుగ్సలాయి వ్యాపారులు ఇప్పటికీ అంటారు. తను సరుకు వేసిన ప్రతి కొట్టు ముందుకూ వెళ్లి, సొంత డబ్బుతో పెట్టె కొని, రోడ్డు మీదే చింపి, పలక తీసి లైటర్ వెలిగించేవాడు. మాట కూడా దాదాపు పాతదే. "దేఖియే భాయ్‌సాబ్! సూడండి బావూ! దీని కడుపులో మందు లేదు, సుద్దుంది. అగ్గి సావదు, మనమే సత్తాం!" పలక భగ్గుమనేది. జనం గుమిగూడేవారు. రిక్షాలు ఆగిపోయేవి. నిజం చెప్పాలంటే ఈ ఆట పాతదానికంటే బాగా రక్తికట్టింది. ఆరిపోయే మంటకంటే ఆరని మంట చూడ్డానికి జనం ఎక్కువ ఇష్టపడతారు. అతను కూడా మధ్యమధ్య కళ్లు మూసుకుని "అరె బాప్ రే" అన్న కేక వింటూ ఉండేవాడు. పశ్చాత్తాపంలో కూడా అతనికి చప్పట్లు కావాలి.

ఇదివరకు కుర్చీ వేసి టీ ఇచ్చిన కొట్లవాళ్లు ఇప్పుడు అతన్ని చూస్తే షట్టర్ సగం దించేవారు. కాని ఎలక్ట్రిక్ పనులు చేసే మేస్త్రీలు నెమ్మదిగా ఒక అలవాటు నేర్చుకున్నారు. "పెహలే జలాకే దిఖావో" అనసాగారు. కాల్చి చూపించలేని కొట్లవాళ్లు సరుకు సేఠ్‌కి తిప్పి పంపారు.

మండపం సంగతి మాత్రం నీతివల్ల కాదు, పెళ్లివల్ల తేలింది. మజ్జిగ పోసిన జగదాంబ కూతురి పెళ్లి దగ్గరపడింది. ఆవిడ తవిటయ్య ఇంటికి వెళ్లి నిలబడి చెప్పింది.

"అన్నయ్యా, ఆ పెట్టెలు తీయిత్తే మా పిల్ల పెళ్లి మీ మండపంలో సేత్తాం. నేకపోతే సీతారాండేరాలో హాలు సూసుకుంటాం. పెళ్లిలో ఎన్ని బకెట్ల మజ్జిగ సిద్ధంగా ఎట్టుకోమంటావు?"

ఆ మాట పర్సుడీహ్ అంతా పాకింది. వెనకే ఇంకో ఇద్దరు ముహూర్తాలు వెనక్కి తీసుకున్నారు. ఖాళీ మండపానికి అధ్యక్షుడిగా ఉండడం ఎంత కష్టమో తవిటయ్యకి తెలిసొచ్చింది. ప్లాస్టిక్ పెట్టెలన్నీ తీయించి, పాతకాలం రేకు పెట్టెలు వేయించాడు. దానికి మళ్లీ ప్రారంభోత్సవం. మళ్లీ శాలువా.

"ఈ ప్లాస్టిక్‌లో ఏదో తేడా ఉందని నాకు మొదటి రోజే డౌటొచ్చింది" అని తవిటయ్య మైకులో చెప్పాడు. "అందుకే కదా, జేబులో ముక్క ఒద్దు, పెట్టెలోంచి తియ్యమన్నాను!"

జనం చప్పట్లు కొట్టారు. ఆ సమయంలో జయప్రకాష్ నిచ్చెన మీద ఉండి వెనక గోడకి ఆఖరి పెట్టె బిగిస్తున్నాడు. అతన్ని వేదిక మీదికి ఎవరూ పిలవలేదు. స్క్రూడ్రైవర్ పళ్ల మధ్య ఉండడం వల్ల అతను ఏమీ అనలేకపోయాడు. అది అందరికీ మంచిదే అయింది.

ఇప్పుడతను ఇళ్లకి వైరింగ్ పనులు చేస్తున్నాడు. పని బాగానే చేస్తాడు, మాటలే ఎక్కువ. ఒక స్విచ్చి మార్చమంటే మంట పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెడతాడు. అతని కూతురు వెన్నెల "పాపా, బస్ కరో నా" అని ఆపబోతే, "మీ నాన్న వల్ల ఎంతమంది బతికున్నారో తెలుసా?" అంటాడు. ఎంతమందిని అతను ఆపదలో పెట్టాడో ఆ పిల్ల అడగదు. ఆ మాట అనేటప్పుడు అతను సుధ వైపు మాత్రం చూడడు.

మొన్న సీతారాండేరాలో ఒక ఇంటి పని చేస్తుండగా తనుశ్రీ ఫోన్ చేసింది. ఆమె కూడా అగ్నివిజయ మానేసిందట. సేఠ్ కంపెనీ పేరు మార్చాడట, పెట్టె మీద 'లైటర్ పరీక్షలో నెగ్గింది' అని అచ్చు వేయిస్తున్నాడట.

"అయితే అసలు మందు కలుపుతున్నాడా మేడమ్?" అని ఆశగా అడిగాడు జయప్రకాష్.

"కలుపుతున్నాడు. మీ దయే. ఇప్పుడు ప్రతి పెట్టెలోనూ పై వరస పలకలు అసలువి."

జయప్రకాష్ ఫోను పెట్టేసి, ఇంటివాళ్లు కొనుక్కొచ్చిన, 'లైటర్ పరీక్షలో నెగ్గింది' అని అచ్చేసిన కొత్త పలకల పెట్టె వైపు చూశాడు. దాన్ని తలకిందులుగా తిప్పాడు. అడుగు భాగం చింపడం మొదలుపెట్టాడు.

"అరె, క్యా కర్ రహే హో?" అంది ఇంటావిడ.

"సెబుతాను, కూకోండమ్మా" అన్నాడు జయప్రకాష్.